ఒత్తుకు రెండు

పెళ్లిపత్రికల అట్టలతో చేశాం అక్షరాలు.
వెనక్కి తిప్పితే ఇంకా కనిపిస్తాయి
సగం వరుడు, పావు ముహూర్తం,
విందు అన్న మాటలో విం మాత్రం.
కోసిగి బడిలో శుక్రవారం ఆఖరి పీరియడు
డ్రిల్లు సారు బదిలీ అయినప్పటి నుంచి నాది.
మాటలాట సంఘం అని రిజిస్టర్లో ఉంది,
పిల్లలకు మాత్రం అది అట్టలాట.

తెలుగును గళ్లలో కూర్చోబెట్టడం
అనుకున్నంత తేలిక కాదు.
అక్షరానికో అట్ట, సరే.
కొమ్ము ఎక్కడ మొలిపించాలి?
గుడి ఎవరి నెత్తిన కట్టాలి?
ఒత్తులైతే సగం గడి ముక్కలు,
బుడ్డల పొట్టు కన్నా తేలిక.
కిటికీకి రెక్కల్లేవు.
గాలొస్తే మొదట లేచిపోయేవి అవే.
మూడు వారాలు బెంచీల కింద పాకాక
షాకీరా వాళ్లవ్వ సున్నపు డబ్బీ కడిగి తెచ్చింది.
సులువుగా పోయేదానికి
విలువ జాస్తి ఉండాలని వాళ్లే తీర్మానించారు:
అక్షరానికి ఒకటి, ఒత్తుకు రెండు.

ఞ ఎప్పుడూ తిక్కస్వామికే వస్తుంది.
“దీనికి చుట్టాలెవరూ లేరా సార్?”
ఉన్నారు, జ్ఞానంలో జ కింద ఒదిగి ఉంటుంది చూడు, అన్నాను.
వాడు రోంతసేపు తల గోక్కున్నాడు.
“అట్లయితే జీతానికుండాది సార్,
పెద్దింట్లో మా చిన్నాయన ఉన్నట్ల.”
నాకు బి.ఇడి.లో ఈ పాఠం లేదు.

పత్తి రెండో ఏరు అయిపోయిన వారం
ఉరుకుందమ్మ పేర్చింది:
స, దానికి కొమ్ము,
గ, దానికి గుడి,
డబ్బీ తెరిచి, గోటితో ఎత్తి, కింద గ ఒత్తు.
సుగ్గి.
“ఆరు సార్. రాసుకోండి.”

ఇంట్లో కన్నడం మాట్లాడే బసలింగ లేచాడు.
“అది మా మాట. సుగ్గి అంటే పంటల పండగ,
కొత్త జొన్నలు, ఎద్దులకు పూలు.”
“ఏం కాదు. సుగ్గి అంటే
తలుపుకు బీగమేసి, కోళ్లు అమ్ముకొని,
లారీలో గుంటూరు పక్క మిరప్పండ్లకు పోయేది.”
“పండగ!”
“పోయేది!”
ఇద్దరూ నా మొహం చూశారు.

నేను నిఘంటువు చూశాను.
కాలేజీ రోజుల్లో కొన్నది, రెండుసార్లు కుట్టించినది.
సుఖానికి దూరం కాదు, అక్కడే ఉండాలి.
లేదు.
గోడ మీద మూడో నియమం, నా చేతిరాతే:
పుస్తకంలో లేని మాట చెల్లదు.
షాకీరా మెల్లగా అడిగింది,
“మీ పుస్తకం ఏ ఊరిది సార్?”

ఆలోచించి వచ్చే శుక్రవారం చెప్తానన్నాను.
బెల్లు కూడా అప్పుడే కొట్టారు, నా అదృష్టం.

వచ్చే శుక్రవారం
ఇరవై రెండు మందిలో తొమ్మిది మందే ఉన్నారు.
తీర్పు రాసి తెచ్చిన కాగితం
జేబులోనే మడత పెట్టుకున్నాను.
బోర్డు మీద ఆ అట్టలు తీయలేదు.
ఒత్తు ఎగరకుండా గులకరాయి పెట్టాం.
బసలింగే ఏరుకొచ్చాడు, నున్నటిది.
మూడో నియమం కొట్టేశాం,
సుద్దముక్కతో కాదు, తడిగుడ్డతో.

పుష్యంలో ఒక మధ్యాహ్నం ఫోను.
వెనకాల ఎవరో దగ్గుతున్నారు, ఘాటుకేమో.
“సార్, నా ఆరు ఇచ్చినారా?”
ఇచ్చానమ్మా.
“అయితే ఇంకోటి ఉండాది.
ఎర్రగా లేని కాయలు వేరే పోస్తాము ఈడ, తాలు అంటారు.
త, దీర్ఘం, ల, కొమ్ము. నాలుగు.
ఉందా మీ పుస్తకంలో?”
ఉంది, అన్నాను, చూడకుండానే.
“మొత్తం పది.”
మేస్త్రీ కేక వినిపించింది.
తను ఫోను పెట్టలేదు.
“మీ వంతు సార్, బిన్నా.”

నా ముందు చూసుకున్నాను.
రెండు దీర్ఘాలు,
ఒక ఞ.